బీల, చెరువు, ఏరు, మొగ: సరిహద్దు నీళ్లలో గాలం ఎక్కడ వేయాలి, ఎప్పుడు వేయాలి

ఆంధ్రా, ఒడిశా సరిహద్దులో ఇచ్ఛాపురం, బరంపురం, పర్లాకిమిడి వైపు గాలం సరదా ఉన్నవాళ్లు కలిస్తే మొదట వచ్చే ప్రశ్న ఒకటే, "మంచి చోటు ఏదైనా చెప్పండి" అని. చోటు పేరు చెప్పడం పెద్ద పనేం కాదు. కానీ పేరు వినగానే బండెక్కి వెళ్లిపోయినవాళ్లు చాలామంది ఖాళీ సంచీతోనే తిరిగొస్తారు, ఎందుకంటే మన వైపు నీళ్లు ఏడాది పొడుగునా ఒక్కలా ఉండవు. ఆగస్టులో నడుంలోతు నీళ్లున్న బీల (నీళ్లు ఆగే పల్లపు నేల) ఎండాకాలానికి పశువులు మేసే గడ్డినేల అయిపోతుంది, వరదలో ఒడ్డు దాటి పారిన వంశధార ఏప్రిల్‌లో ఇసుక మధ్య సన్నటి పాయ అవుతుంది, బాహుదా మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) అయితే ఒక ఏడు ఇక్కడ తెరుచుకుని ఇంకో ఏడు అల్లంత దూరం జరుగుతుంది. అందుకే చోటుతో పాటు కాలం కూడా చెప్తున్నాను. కాలం సంగతి పక్కనపెట్టి చోటు ఒక్కటే గుర్తుపెట్టుకుంటే పెట్రోలు దండగ.

ఏ నీటి దగ్గరికి వెళ్లినా గాలం విప్పే ముందు కాసేపు ఊరికే నిలబడి చూడండి. నీళ్లు ఎక్కుతున్నాయా, తీస్తున్నాయా అన్నది మొదట చూడాలి. ఒడ్డున గడ్డి మీద తడి గీత నీటిమట్టం కన్నా పైన ఉంటే నీళ్లు తీస్తున్నట్టు, గడ్డి మొదళ్లు మునిగి ఇంకా పచ్చగానే ఉంటే ఎక్కుతున్నట్టు. ఎక్కే నీటిలో చేప ఒడ్డుకి, కొత్తగా మునిగిన గడ్డిలోకి తిండికోసం వస్తుంది. తీసే నీటిలో లోతుకి, కాలువల్లోకి సర్దుకుంటుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం పని అయినట్టే. తర్వాత అంచులు చూడండి: ఎండ ముగిసి నీడ మొదలయ్యే చోటు, ఆకు ముగిసి తేటనీరు మొదలయ్యే చోటు, పారే నీరు నిలవనీరు కలిసే చోటు. నీళ్లు ఎంత విశాలంగా ఉన్నా చేప ఎక్కువగా తిరిగేది ఈ అంచుల వెంటే.

బీల, తంపర

సోంపేట బీల గురించి ఈ వైపు తెలియనివాళ్లుండరు. కొండల వైపు నుంచి గెడ్డల్లో (వాగుల్లో) దిగిన నీళ్లు సముద్రంలోకి పోయే ముందు ఆగే పల్లపు నేల అది. ఒక పక్క వరి వేస్తారు, ఇంకో పక్క చేపలు పడతారు, ఎండాకాలం పశువులు మేపుతారు. అక్కడ థర్మల్ ప్లాంటు వద్దని జనం చేసిన ఉద్యమంలో 2010 జులై 14న పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ సంగతి ఎందుకంటే, బీల మీద బతికే ఊళ్లవాళ్లకి అది ఖాళీ జాగా కాదు. బయటివాళ్లు వచ్చి అడగకుండా గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. నౌపాడ వైపు తంపర (చిత్తడి) నేలలకీ ఇదే మాట వర్తిస్తుంది.

బీలకి అసలు కాలం వానలు వెనకపట్టిన తర్వాతే, అంటే నవంబరు నుంచి జనవరి దాకా. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు చేప ఎక్కడైనా ఉండొచ్చు, వెతకలేం. నీళ్లు తీసేకొద్దీ పొలాల్లో పరుచుకున్న కొరమేను, మట్టగిడస, మార్పులు, ఇంగిలాయిలు లాంటి చేపలన్నీ కాలువల్లోకి, పాత గోతుల్లోకి, గట్టు తెగిన చోట పడ్డ గుంటల్లోకి చేరతాయి. వరి కోతలకి ముందు పొలాల్లో నీళ్లు తీసేసే రోజుల్లో మడవ దగ్గర, అంటే గట్టు తెంచి నీళ్లు వదిలే గండి కింద కూర్చుంటే ఎర్ర (వానపాము) గుచ్చిన చిన్న గాలానికి మట్టగిడసలు, గొరకలు ఆగకుండా పడతాయి. ఇక్కడ ఖరీదైన సామాను అక్కర్లేదు. వెదురు గెడ, దాని పొడవే దారం, జీలుగు బెండు, చిన్న సీసం గుండు చాలు. గాలం నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుందని కొత్తవాళ్లకి దుకాణంలో ఎవరూ చెప్పరు, గుర్తుపెట్టుకోండి.

కొరమేను పద్ధతి వేరు. ఇది గాలి పీల్చే చేప, మధ్య మధ్య పైకొచ్చి గుటక వేసి వెళ్తుంది. తామరాకుల మధ్య 'టప్' మన్న చప్పుడు, వెనకే ఒకటి రెండు బుడగలు కనిపిస్తే ఆ చోటు గుర్తుపెట్టుకుని పది నిమిషాలు కదలకుండా ఉండండి, దాదాపు అక్కడే మళ్లీ లేస్తుంది. అడుగుల చప్పుడుకి బెదిరే రకం కాబట్టి గట్టు మీద దబదబా నడిచి, ఫోన్‌లో పాటలు పెట్టి, ఆ తర్వాత చేప లేదంటే లాభం లేదు. చిన్న పరిగెను గానీ చిన్న కప్పను గానీ ఎరగా గుచ్చి వేయడం పాత పద్ధతి. ఇప్పుడు రబ్బరు కప్పలు దొరుకుతున్నాయి, గాలం మొన కప్ప వీపుకి ఆనుకుని దాగి ఉంటుంది కాబట్టి ఆకులకి తట్టుకోదు. దాన్ని ఆకుల అవతలకి విసిరి, ఆకుల మీదుగా మెల్లిగా లాక్కుంటూ వచ్చి, ఆకుల మధ్య ఖాళీ వచ్చిన చోట ఆపండి. ఆ ఆపడంలోనే ఉంది అంతా. కొరమేను కొట్టినప్పుడు నీళ్లు ఒక్కసారిగా పేలినట్టవుతాయి, చెయ్యి దానంతటదే వెనక్కి గుంజేస్తుంది, అక్కడే చేప పోతుంది. దారం బిగిసేదాకా ఓపిక పట్టి అప్పుడు గుంజాలి. దారం మందమైన అల్లిక దారమే వాడండి, సన్నటి ప్లాస్టిక్ దారంతో నాచులోంచి కొరమేనుని బయటికి లాగడం అయ్యే పని కాదు.

తొలకరిలో ఒక దృశ్యం కనిపిస్తుంది: ఎర్రెర్రగా సన్నటి పిల్లలు గుంపుగా పైన తేలుతుంటాయి, కింద తల్లీతండ్రీ కాపలా తిరుగుతుంటాయి. పిల్లల మీదికి ఏది వచ్చినా పెద్ద చేప కొడుతుంది కాబట్టి అప్పుడు పట్టడం చాలా తేలిక. పట్టకండి. పెద్దది పోతే ఆ పిల్లల్ని మిగతా చేపలు గంటల్లో ఖాళీ చేస్తాయి, వచ్చే ఏడు అదే గుంటలో మీకు ఏమీ ఉండదు. తొలి వానలకి పొలాల్లోకి ఎదురెక్కే గుడ్డు చేపలదీ ఇదే సంగతి. ఊళ్లో అందరూ బుట్టలు పెట్టి పడుతున్నారు కదా అంటారు, పెడతారు, కూటికోసం పట్టేవాళ్లది వేరు, సరదాకి వెళ్లే మనది వేరు.

ఇంగిలాయి, మార్పు గాలానికి పడితే చేత్తో పట్టుకోకండి. రెక్క దగ్గరి ముల్లు గుచ్చుకుంటే, ముఖ్యంగా ఇంగిలాయిది, నొప్పి మోచెయ్యి దాకా పాకుతుంది. తట్టుకోగలిగినంత వేడి నీళ్లలో చెయ్యి కాసేపు ముంచి ఉంచితే తగ్గుతుంది, వాపు పెరిగినా ఊపిరి ఇబ్బందిగా ఉన్నా ఆసుపత్రికే. గుడ్డతో గానీ కటింగ్ ప్లేయరుతో గానీ గాలం తీయడం అలవాటు చేసుకోండి. మార్పు అనుకుని మూరెడు పొడవున్న నల్ల చేప లాగితే అది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అయి ఉండొచ్చు, పెంపకమే నిషేధించిన రకం, మిగతా చేపలన్నిటినీ తినేస్తుంది. జాలిపడి మళ్లీ బీలలో వదలొద్దు.

చెరువులు, సరస్సులు, డ్యాములు

ఊరి చెరువు దాదాపు ఎక్కడైనా వేలం పాడినదే అయి ఉంటుంది, పంచాయతీ నుంచో సొసైటీ నుంచో ఎవరో పాడుకుని పిల్ల వేసి పెంచుతుంటారు. కాబట్టి "చెరువు అందరిదీ కదా" అనే వాదన పెట్టుకోకండి. పాడినవాడిని కలిసి, "మామా, గెడతో ఒక పూట కూర్చుంటా, పడ్డవాటికి డబ్బులిచ్చేస్తా" అంటే చాలామంది సరేనంటారు. ఒడిశా వైపు ఊళ్లలో కూడా పెద్దవాళ్లకి తెలుగు వస్తుంది, రాకపోతే "మఉసా, ఎఠి బనిసి పకాఇబి కి?" (ఇక్కడ గాలం వేయనా?) అనండి, చాలు. పెద్దాయన నవ్వి, పాడినవాడి ఇల్లు ఎటో చూపిస్తాడు.

చెరువుల్లో ఉండేవి ఎక్కువగా బొచ్చె, శీలావతి, ఎర్రమోసు. ఒడిశా సంతల్లో వీటినే భాకుర, రోహి, మిరికాళి అంటారు. ఈ మూడూ మూడు అంతస్తుల్లో మేస్తాయి: బొచ్చె పైన, శీలావతి నడుమ, ఎర్రమోసు అడుగున. బెండుకీ గాలానికీ మధ్య దారం ఎంత ఉంచాలన్నది దీన్ని బట్టే తేల్చుకోవాలి. అడుగున ఆనేలా వేసి బొచ్చె కోసం పొద్దున్నించి ఎదురుచూసేవాళ్లని చూస్తే జాలేస్తుంది. ఎర కోసం గోధుమపిండి, తవుడు, కొంచెం తెలికపిండి కలిపి గట్టిగా ముద్ద చేయండి, నీళ్లలో వెంటనే కరిగిపోకూడదు, అలాగని రాయిలా ఉండకూడదు. అదే తవుడూ తెలికపిండీ వదులుగా కలిపి పిడికెడు పిడికెడు ఒకే చోట వేసి, అరగంట ఆగి, అప్పుడు గాలం దించండి. చోటు మార్చి మార్చి వేయడం కన్నా ఒకే చోట మేత వేసి చేపని రప్పించుకోవడం చెరువులో ఎప్పుడూ లాభం.

అందరూ తెల్లవారుజామే మంచి సమయం అంటారు. ఏటిలో నిజమే, నాచు పట్టిన చెరువులో మాత్రం కాదు. రాత్రంతా నీటి మొక్కలు కూడా ప్రాణవాయువు వాడుకుంటాయి కాబట్టి తెల్లవారేసరికి నీళ్లలో అది బాగా తగ్గిపోయి ఉంటుంది, అప్పుడు చేప పైకొచ్చి నోరు తెరుచుకుని తిరుగుతుంది తప్ప తిండి మీద ధ్యాస ఉండదు. ఎండ పడి ఒక గంటో రెండు గంటలో అయ్యాక మేతకి దిగుతుంది. చలికాలం అయితే ఇంకా ఆలస్యం, పది దాటాక వెళ్లినా ఏం పోదు. గాలి పీల్చే కొరమేను, గొరకలకి ఈ బాధ లేదు, అందుకే అదే చెరువులో పొద్దున్నే వాటికి వేసి, ఎండ ఎక్కాక బెండు గాలం దించుకోవచ్చు.

ఛత్రపురం దగ్గర తంపరా సరస్సు మంచినీటిది, చూడ్డానికి చాలా బాగుంటుంది, ప్రపంచ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలలు చేరే రామ్‌సర్ జాబితాలో కూడా ఉంది. పడవలు తిరిగే పర్యాటకుల వైపు వదిలేసి, అక్కడి జాలర్లని అడిగి వాళ్లు సరేనన్న చోటే కూర్చోవాలి. ఈ వైపు గట్ల వెంట, గెడ్డల వెంట మొగలి పొదలు దట్టంగా ఉంటాయి. గంజాం మొగలిపువ్వు అత్తరుకి పేరుపడ్డది, సువాసన బాగానే ఉంటుంది గానీ ఆ పొదలు ముళ్లు, మొదళ్లలో పాములు. పొదకి ఆనుకుని కూర్చోకండి, రెండు బారల దూరంలో ఉండి నీడ పడ్డ నీటిలోకి విసరండి.

చిలికా మీద ఆశ అందరికీ ఉంటుంది. గంజాం జిల్లా వైపు దగ్గరయ్యేది రంభ. అది మామూలు సరస్సు కాదు, ఉప్పునీరు మంచినీరు కలిసే మడుగు, 1981లోనే రామ్‌సర్ జాబితాకెక్కింది. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త మొగ తవ్వాక ఉప్పునీటి రాకపోకలు మెరుగై చేపలూ రొయ్యలూ పీతలూ మళ్లీ పెరిగాయి. అక్కడ వేట హక్కులు తరతరాలుగా జాలరి సొసైటీలవి, వాళ్ల వెదురు కంచెల దగ్గరికి, వలల దగ్గరికి వెళ్లకూడదు. నలబణ దీవి పక్షుల అభయారణ్యం, దాని పక్కకి కూడా పోవద్దు. నా సలహా అడిగితే చిలికాలో సొంతంగా వేటాడాలన్న ముచ్చట మానుకుని, రంభలో స్థానిక జాలరి పడవలో డబ్బులిచ్చి ఒక పూట వెళ్లండి. ఏ గాలికి చేప ఎటు జరుగుతుందో ఆయన మాటల్లో వినడం చేప పట్టడం కన్నా తక్కువేం కాదు.

భంజనగర్, హరభంగి లాంటి జలాశయాల గురించి ఒక్క మాట. డ్యాము గోడ దగ్గర ఎక్కడా వేట ఉండదు, అడిగినా పంపరు, పంపినా వెళ్లొద్దు. వెనక జలాల్లోకి ఏదైనా గెడ్డ వచ్చి కలిసే మూల చూసుకోండి. నీళ్లు తగ్గిన ఎండాకాలంలో ఒకసారి వెళ్లి పాత వాగు ఏ దారిన పోతుందో, మోడులు ఎక్కడున్నాయో ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకుంటే, నీళ్లు నిండాక ఆ దారి మీదకే గాలం వేయొచ్చు. ఈ పని ఎవరూ చేయరు, ఎండలో ఊరికే తిరగడం ఎందుకని.

ఏర్లు

వంశధార గుణుపూర్, కాశీనగర్ మీదుగా దిగి హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ దాటి కళింగపట్నం దగ్గర సముద్రంలో పడుతుంది. మహేంద్రతనయ పర్లాకిమిడి పక్కగా పారుతుంది. బాహుదా గజపతి కొండల్లో పుట్టి గంజాం మీదుగా ఇచ్ఛాపురం పక్కకొచ్చి మళ్లీ ఒడిశాలోకి మళ్లి సునాపూర్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఒకే ఏటిలో పై ఊరివాడు ఒరియాలో, కింది ఊరివాడు తెలుగులో చేపల పేర్లు చెప్పుకుంటారు. బాళియా అన్నా వాలుగ అన్నా ఒక్కటే, రెండింటికీ పళ్లు ఒకేలా ఉంటాయి.

ఏటిలో వెతకాల్సింది మడుగు. ఏరు వంపు తిరిగే చోట బయటి ఒడ్డు కోసుకుపోయి లోతవుతుంది, లోపలి ఒడ్డున ఇసుక మేట పడుతుంది. మీరు నిలబడాల్సింది మేట మీద, గాలం పడాల్సింది లోతు అంచున. మడుగు నడిబొడ్డు కన్నా నీళ్లు మడుగులోకి దిగే తల దగ్గర మేత ఎక్కువ, అక్కడే చిన్న చేపలు, వాటికోసం పెద్దవి. వంతెన స్తంభాల వెనక, పెద్ద బండల వెనక నీళ్లు నెమ్మదించి వెనక్కి తిరిగే చోట జెల్లలు ఉంటాయి, ఎర్రలు గుచ్చి అడుగున వేయండి. వాలుగకి చిన్న పరిగెలు, పొద్దుగూకే వేళ. దాని నోట్లో వేలు పెట్టకండి, అంతే.

వరద తగ్గే రోజులు ఏటికి బంగారం లాంటివి. ఎర్రనీరు పారుతున్నంతసేపు పని లేదు. ఆ ఎరుపు తగ్గి టీ రంగుకి వచ్చి, ఒడ్డున మోకాలి లోతులో మీ పాదం మసకగా కనిపించే స్థితికి వచ్చినప్పుడు వెళ్లండి. చిన్న గెడ్డ తేటనీరు పెద్ద ఏటి బురదనీటిలో కలిసే చోట గీత గీసినట్టు రెండు రంగులు కనిపిస్తాయి, ఆ గీత వెంట తేట వైపు వేయాలి. అక్టోబరు తుపాన్ల తర్వాత మాత్రం తొందరపడొద్దు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు గజపతి కొండల్లో కురిసిన వాన ఈ ఏర్లన్నిటినీ ఎలా ముంచెత్తిందో ఇక్కడివాళ్లకి చెప్పనక్కర్లేదు.

మామూలు రోజుల్లోనూ అదే భయం. మీ నెత్తిన ఎండ కాస్తుంటుంది, పైన కొండల్లో కురిసిన వాన కాసేపట్లో మీ మేటని దీవి చేసేస్తుంది. నీళ్ల రంగు ఉన్నట్టుండి మారినా, పుల్లలూ ఆకులూ నురగా కొట్టుకొస్తున్నా సామాను సంగతి తర్వాత, ముందు ఒడ్డెక్కండి. గొట్టా దిగువన అయితే గేట్లు ఎత్తుతున్నారేమో తెలుసుకోకుండా ఏటిలోకి దిగొద్దు. ఇసుక తవ్విన గోతులు ఇంకో ప్రమాదం, మోకాలి లోతులో నడుస్తుంటే ఒక్క అడుగులో మనిషి లోతు వస్తుంది. ముందు గెడతో పొడిచి చూసి తర్వాత అడుగు వేయండి, ఈత వచ్చినా సరే.

మొగ

నాకు ఇష్టమైనది ఇదే కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. సునాపూర్ దగ్గర బాహుదా మొగ, బారువ, కళింగపట్నం. ఉప్పునీరు మంచినీరు కలిసే ఈ చోట్ల పండుగప్ప, కత్తిపరిగలు, రొయ్యలు, పీతలు ఉంటాయి. చేప బజారులో పండుగప్పని భెక్టి అంటే బరంపురంలో వెంటనే అర్థమవుతుంది.

ఇక్కడ గడియారం పని చేయదు, పోటు (సముద్రపు నీరు పైకెక్కడం), పాటు (వెనక్కి తీయడం) చూసుకోవాలి. మన తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఈ రోజు పొద్దున్న ఆరింటికి పోటు నిండితే రేపు దాదాపు ఆరూ యాభైకి నిండుతుంది, అంటే రోజుకి ముప్పావు గంట పైచిలుకు జరుగుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూ పోటు బలంగా, అష్టమి రోజుల్లో నీరసంగా ఉంటుంది. క్యాలెండర్‌లో తిథి చూడ్డం వచ్చినవాళ్లకి ఫోన్ యాప్ కూడా అక్కర్లేదు. ఇంకో చిక్కు ఏమిటంటే, సముద్రంలో పోటు తిరిగిన వెంటనే లోపల ఏటిలో తిరగదు, మొగ ఎంత సన్నగా ఉంటే అంత ఆలస్యం. కాబట్టి యాప్ చెప్పిన సమయానికి వెళ్లి నీళ్లు ఇంకా లోపలికే పోతున్నాయేంటని కంగారుపడకండి, ఒడ్డున పుల్ల గుచ్చి నీటిమట్టం చూస్తూ ఉండండి.

పోటు ఎక్కే మొదటి రెండు గంటల్లో కత్తిపరిగలు గుంపులుగా లోపలికి వస్తాయి, వాటి వెనకే పండుగప్ప. పాటు తీసేటప్పుడు లోపలి చిన్న పాయల నుంచి, చిత్తడి నుంచి రొయ్యలూ చిన్న చేపలూ నీళ్లతో పాటు బయటికి కొట్టుకొస్తాయి. ఆ చిన్న పాయ పెద్ద ఏటిలో పడే నోటి దగ్గర పండుగప్ప కాచుకుని ఉంటుంది, అదీ నీళ్ల మధ్యలో కాదు, ప్రవాహం పక్కన నెమ్మదిగా ఉన్న చోట. బతికున్న రొయ్యని తోక దగ్గర గుచ్చి ప్రవాహంలో వదిలి దాన్నే కొట్టుకుపోనివ్వండి. నిలవనీటి వేళ, అంటే పోటు పూర్తిగా నిండి ఆగినప్పుడు, గాలం మార్చుకోవడం, చద్దన్నం తినడం లాంటి పనులు పెట్టుకోండి. పాత కాలవ గట్లు, వంతెన స్తంభాలు, నీళ్లలో పడ్డ సరుగుడు మోడులు ఉన్న చోట్లు పండుగప్పకి ఇష్టం, అయితే దారం తెగే చోట్లూ అవే, గాలానికి ముందు ఒక మూరెడు మందపాటి దారం కట్టుకోండి.

పండుగప్ప చిన్నప్పుడు మగది, కొన్నేళ్లు పెరిగాక ఆడది అవుతుంది. అంటే మీరు మురిసిపోయి ఫొటో దిగే ఆ పెద్ద చేప దాదాపు ఎప్పుడూ గుడ్లు పెట్టేదే. రెండు మూడు కిలోలది ఇంటికి చాలు, అంతకన్నా పెద్దది పడి గాలం పెదవికే ఉంటే వదిలేస్తే బాగుంటుంది. ఇది చాలామందికి నచ్చదు, తెలుసు.

మొగ నోట్లో మాత్రం దిగొద్దు. పాటు సమయంలో ఇసుకతిన్నె మీద నిలబడితే కాళ్ల కింద ఇసుక జారిపోతుంది, లాగిందంటే నేరుగా సముద్రంలోకే. అక్టోబరు, నవంబరుల్లో వాతావరణ హెచ్చరిక చూడకుండా మొగ వైపు వెళ్లే పనే పెట్టుకోవద్దు, 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను తీరం దాటింది గోపాలపూర్ దగ్గరే. వేసవి సాయంత్రాల్లో కాలవైశాఖి (ఉరుములు మెరుపుల గాలివాన) వస్తుంది, పడమట మబ్బు నల్లబడి చల్లగాలి ఒక్కసారి కొట్టిందంటే గెడ కింద పెట్టి పక్కా ఇంట్లోకి నడవండి, కార్బన్ గెడ చేతిలో పట్టుకుని తిన్నె మీద నిలబడితే పిడుగుకి దారి చూపించినట్టే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మర పడవల వేట నిషేధం. ఒడ్డు నుంచి గాలం వేసేవాళ్లకి అది తగలదు గానీ ఆ రోజుల్లో ఎవరి పడవైనా బతిమాలి సముద్రంలోకి వెళ్దామని చూడొద్దు. రుషికుల్య మొగ దగ్గర పోడంపేట, గోఖరకుద వైపు ఫిబ్రవరి, మార్చి నెలల్లో తాబేళ్లు గుంపులుగా గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి. ఆ నెలల్లో రాత్రి పూట టార్చిలైట్లతో అక్కడికి వేటకి వెళ్లకూడదు, పిల్లలు బయటికొచ్చే రోజుల్లో వెలుతురు వాటి దారి తప్పిస్తుంది.

ఎక్కడికెళ్లినా

తెగిన దారం అక్కడే పారేయకండి. తేలినీలాపురం, తేలుకుంచి వైపు చెట్ల మీద పెలికన్లు, కొంగలు గూళ్లు కట్టుకునేది ఈ నీళ్లని నమ్ముకునే, ప్లాస్టిక్ దారం కాళ్లకి చుట్టుకుంటే పక్షి తీసుకోలేదు. మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలు పట్టడం 1897 నాటి చట్టం నుంచే నేరం. కరెంటు తీగ పెట్టేవాళ్లు కనిపిస్తే ఆ నీళ్లలో కాలు పెట్టకుండా వచ్చేయండి, వాళ్లతో వాదించడం కన్నా ఊరి పెద్దలకి చెప్పడం మేలు.

పాము కరిస్తే కట్టు బిగించడం, కొయ్యడం, నాటు వైద్యం ఏమీ వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి విషానికి మందున్న ఆసుపత్రికి పోవాలి. సరిహద్దులో సిగ్నల్ దొరకని చోట్లు ఉన్నాయి, అందుకని ఒక్కరే వెళ్లకండి, ఇంట్లో ఏ ఏటికి వెళ్తున్నారో చెప్పి వెళ్లండి. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, తాగడానికి ఇంటి నీళ్లు, తలకి తువ్వాలు.

ఇక పడ్డ చేప సంగతి. కొరమేను, మట్టగిడస, మార్పులు తడి గోనెసంచిలో వేసి, మధ్య మధ్య నీళ్లు చల్లుతుంటే గంటల తరబడి బతికే ఉంటాయి, ఐసు దండగ. మొగ చేపలకి అలా కుదరదు, పట్టిన వెంటనే మొప్పలు, పేగులు తీసి ఐసులో పెట్టాలి, ఎండలో అరగంట ఉంచినా కత్తిపరిగ పొట్ట మెత్తబడిపోతుంది. ఇంటికొచ్చాక కొరమేనుకి కట్టెల పొయ్యి బూడిద పట్టించి బండ మీద రుద్దితే జిగురు పోతుంది. బూడిద లేకపోతే రాళ్ల ఉప్పూ కొంచెం చింతపండూ. బీల చేపకి బురద వాసన ఎక్కువ కాబట్టి ముక్కలు కోశాక మజ్జిగలోనో పసుపు నీళ్లలోనో ఒక పావుగంట ఉంచి అప్పుడు పులుసులో వేయండి.